పాత మిలిటరీ మోటారు సైకిళ్లు: పునరుద్ధరణ, మార్కెట్ విలువ (దిగువ కృష్ణా డెల్టా)

నిర్వచనం, పరిధి

సైన్యం కోసం తయారై, లేదా సైన్యం కొని వాడి, సర్వీసు ముగిశాక వేలంలో పౌరుల చేతికి వచ్చిన మోటారు సైకిలు ఈ వ్యాసానికి విషయం. తెలుగునాట వీటిని మిలిటరీ డిస్పోజల్ బండ్లు అంటారు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఈ మాట వినిపిస్తే నూటికి తొంభై పాళ్లు మనసులో మెదిలేది పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్టే. యుద్ధకాలపు బీఎస్ఏ, నార్టన్, మాచ్‌లెస్, హార్లీ బండ్లు ఈ కోవలోవే అయినా అవి అరుదు.

పునరుద్ధరణ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. ఆగిపోయిన బండిని నడిపించడం మొదటిది. షోరూంలోంచి అప్పుడే దిగినట్టు మెరిపించడం రెండోది. సైన్యంలో ఉన్ననాటి రూపానికి, అప్పటి భాగాలతో, అప్పటి రంగుతో తిరిగి తేవడం మూడోది. మూడోదానికి ఖర్చూ ఓపికా చాలా ఎక్కువ కావాలి. ఐరోపా, అమెరికా సంతల్లో ఎక్కువ ధర తెచ్చేది కూడా అదే. డెల్టాలో మాత్రం రెండో రకానికే గిరాకీ. ఈ తేడాకు చట్టం, వాతావరణం, వాడకం మూడూ కారణమే.

మార్కెట్ విలువ అంటే ఇక్కడ తెగిన ధర, అంటే అమ్మేవాడు ఇష్టపడి ఇచ్చిన, కొనేవాడు ఇష్టపడి చెల్లించిన మొత్తం. బండి మీద పెట్టిన ఖర్చు వేరు, యజమాని చెప్పే ధర వేరు. పాత బండ్ల విషయంలో ఈ మూడింటి మధ్య ఎడం చాలా ఉంటుంది. పెట్టిన ఖర్చునో యజమాని చెప్పే ధరనో పట్టుకుని విలువ కట్టడం వల్లే ఎక్కువ మంది నష్టపోతున్నారు.

ప్రాంతం

కృష్ణా నది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య సముద్రం దాకా ఉన్న లంక భూమే దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు ఊళ్లు ఇందులోవి. ఉత్తరాన మచిలీపట్నం (బందరు) ఓడరేవు పట్టణం, 2022 పునర్విభజన తర్వాత కూడా కృష్ణా జిల్లా కేంద్రం అదే. లోపలికి గుడివాడ, వరి పొలాలకూ చేపల, రొయ్యల చెరువులకూ మధ్య ఉన్న వ్యాపార పట్టణం. 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. 216వ నంబరు రహదారి తీరం వెంబడి మచిలీపట్నం, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా పోతుంది. 2006లో పులిగడ్డ–పెనుమూడి వంతెన వచ్చాక దివిసీమకు రేపల్లె వైపు దారి తెరుచుకుంది.

సైనిక వాహనాల డిపో గానీ, పాత బండ్ల వేలం సంస్థ గానీ ఈ ప్రాంతంలో లేవు. బేరాలు మెకానిక్ షెడ్ల దగ్గర, తెలిసినవాళ్ల మధ్య జరుగుతాయి. లేతు పనికి, క్రాంకు పనికి, నికిలింగ్‌కు విజయవాడ ఆటోనగర్ ఆధారం. అక్కడ దొరకని సామానుకు చెన్నై పుదుప్పేట, ఢిల్లీ కరోల్‌బాగ్ సంతల దాకా వెతుకులాట సాగుతుంది.

చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం మోటారు సైకిలును వార్తాహరుల వాహనంగా, కాన్వాయ్‌లకు దారి చూపే వాహనంగా వాడింది. ఆ అవసరానికి బీఎస్ఏ కంపెనీ ఎం20 రకాన్ని లక్షా ఇరవై వేలకు పైగా తయారు చేసింది. 496 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజన్. వేగం తక్కువ, బరువు ఎక్కువ, కానీ ఎక్కడైనా విప్పి బిగించుకోగలిగే సాదా నిర్మాణం. నార్టన్ 16హెచ్ (490 సీసీ) కూడా ఆ తరహాదే. మాచ్‌లెస్ జీ3ఎల్ (347 సీసీ) తేలిక బండి, ముందు టెలిస్కోపిక్ ఫోర్కులు దాని ప్రత్యేకత. రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారుచేసిన 126 సీసీ ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అరవై కిలోలకు మించని చిన్న బండి, విమానాల నుంచి పారాచూట్‌తో దించడానికి పనికొచ్చేది. అమెరికన్ల హార్లీ డేవిడ్‌సన్ డబ్ల్యూఎల్ఏ (740 సీసీ) అనేక మిత్రరాజ్యాల సైన్యాలకు వెళ్లింది. జర్మన్లు బీఎండబ్ల్యూ ఆర్75కు పక్కబండి చక్రం కూడా ఇంజన్‌తోనే తిరిగే ఏర్పాటు చేశారు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాక సర్కారు తీరమంతా యుద్ధపు నీడలోకి వచ్చింది. విజయవాడ పక్కన గన్నవరం విమానక్షేత్రం యుద్ధకాలంలో సైన్యం వాడుకున్నదే. యుద్ధం ముగిశాక దేశమంతటా మిగులు సైనిక వాహనాలు అమ్మకానికి పెట్టారు. జీపులకు దక్కిన ఆదరణ మోటారు సైకిళ్లకు దక్కలేదు. విడిభాగాలు సముద్రాలు దాటి రావాలి, పెట్రోలు కొరత. చాలా బండ్లు ఒకదానికోసం మరొకటి విడిపోయి, చివరికి పాత ఇనుము కింద పోయాయి. యుద్ధకాలపు బండ్లు నేడు ఇంత అరుదు కావడానికి ఇదే మూలం.

స్వాతంత్ర్యం తర్వాత సైన్యానికి సరిహద్దు గస్తీకి గట్టి బండి కావలసి వచ్చింది. 1949లో మద్రాస్ మోటార్స్ సంస్థ 350 సీసీ బుల్లెట్‌ను దేశానికి తెచ్చింది, తర్వాత సైన్యం నుంచి ఆర్డరు పొందింది. 1955లో ఇంగ్లండ్‌లోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పాయి. 1956లో మద్రాసు దగ్గర తిరువొత్తియూర్ కార్ఖానా మొదలైంది. బ్రిటన్‌లోని మాతృసంస్థ 1970ల మొదట్లో మూతపడినా మద్రాసు బండి ఆగలేదు. 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, ఇనుప సిలిండర్, కుడికాలి గేరు ఉన్న బుల్లెట్ పెద్ద మార్పులు లేకుండా దశాబ్దాలు నడిచింది. 1994లో కంపెనీ ఐషర్ గ్రూపు చేతికి వచ్చింది. 2010 ప్రాంతానికి ఇనుప ఇంజన్ల స్థానంలో కొత్త తరం యూనిట్ ఇంజన్లు వచ్చాయి. ‘కుడి గేరు బండి’, ‘ఇనుప ఇంజన్ బండి’ అన్న మాటలు ధర పలికించే గుణాలుగా మారింది ఆ తర్వాతే.

రకాలు

విలువ కట్టేముందు ఎదురుగా ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలి.

యుద్ధకాలపు విదేశీ బండి అన్నిటికన్నా అరుదైనది. 1949 తర్వాత సైన్యానికి వచ్చిన రెడిచ్ బుల్లెట్లు, తిరువొత్తియూర్ తొలి ఏళ్ల బుల్లెట్లు దాని తర్వాతి మెట్టు. 1970ల నుంచి 1990ల దాకా సైన్యం వాడి తీసేసిన బుల్లెట్లు మూడో రకం. మార్కెట్లో నిజంగా చేతులు మారేవి ఎక్కువగా ఇవే.

ఇక మిలిటరీ పేరుతో చలామణి అయ్యేవి మరో రెండున్నాయి. ఒకటి కాంటీన్ బండి. మాజీ సైనికులు, సైనికులు సైనిక కాంటీన్ ద్వారా పన్ను రాయితీతో కొన్న కొత్త బండి ఇది. మొదటి రోజు నుంచీ పౌర రిజిస్ట్రేషనే. సైనికుడు నడిపాడు గనుక దీన్నీ మిలిటరీ బుల్లెట్ అనేస్తారు. సైన్యం ఆస్తిగా ఇది ఏనాడూ లేదు, కాబట్టి ఆ పేరుతో అదనపు ధర అడగడం చెల్లదు. రెండోది వేషం కట్టిన బండి. మామూలు బుల్లెట్‌కు సైనిక రంగు పోలిన పెయింటు, పక్కన రెండు ఇనుప పెట్టెలు, గుడ్డ సంచులు, ట్యాంకు మీద బాణం గుర్తు. చూడ్డానికి బాగుంటుంది. ధర మాత్రం ఆ ఏడాది మామూలు బుల్లెట్ ధరే కావాలి.

పోలీసు శాఖ వేలం వేసిన బుల్లెట్లను కొందరు సైనిక బండ్లలో కలుపుతారు. అవి వేరే వర్గం.

గుర్తింపు: నంబర్లు చెప్పే కథ

సైనిక వాహనం నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది. బాణం తర్వాతి రెండంకెలు సైన్యం ఆ వాహనాన్ని సమకూర్చుకున్న ఏడాది. తర్వాత అక్షరం, వరుస సంఖ్య, చివర మరో అక్షరం. పాత మడ్‌గార్డు మీద ఒక్కొక్క పొరే పెయింటు జాగ్రత్తగా గీకితే అడుగున ఈ అంకెల ఆనవాలు బయటపడే అవకాశం ఉంది. అలా దొరికిన రెండంకెలు బండి వయసుకు బలమైన సాక్ష్యం. అందుకే అనుభవమున్న కొనుగోలుదారు కొత్త పెయింటు బండి కన్నా పాత పెయింటు ఉన్న బండిని ఇష్టపడతాడు.

బ్రిటిష్ యుద్ధకాలపు మోటారు సైకిళ్ల ట్యాంకు మీద ‘సి’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండేది. ఎం20 ఫ్రేము మీద, ఇంజన్ మీద ‘డబ్ల్యూఎం20’ అన్న ముద్ర యుద్ధకాలపు తయారీకి గుర్తు. ఆ రోజుల్లో హార్లీ ఫ్రేముకు విడిగా నంబరు లేదు, ఇంజన్ నంబరే బండి నంబరు. ఇంజన్, చాసిస్ నంబర్లు రెండూ అడిగే మన రిజిస్ట్రేషన్ పద్ధతిలో ఈ తేడా తెలియకపోతే అసలైన బండినే దొంగబండి అనుకునే ప్రమాదం ఉంది.

పౌర బండిలో ఫ్రేము, ఇంజన్ కార్ఖానాలో కలిసి పుట్టినవి కాకపోతే ధర పడిపోతుంది. సైనిక బండికి ఆ కొలత అలాగే వర్తించదు. సైనిక వర్క్‌షాపుల్లో ఇంజన్లు విప్పి, బాగు చేసి, వరుసలో ముందున్న ఫ్రేముకు బిగించేవారు. కాబట్టి రెండు నంబర్లకూ పొంతన లేకపోవడం లోపం కాదు. ఇప్పుడు బండి మీదున్న రెండు నంబర్లూ సీబుక్‌లో ఉన్నవాటితో సరిపోవడం మాత్రం తప్పనిసరి.

కొనేముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. చాసిస్ నంబరు ఉన్నచోట కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, పల్చని కాగితం అంటించి, పెన్సిలు పక్కగా రుద్దాలి. కార్ఖానా ముద్రలో అంకెల లోతు దాదాపు ఒకేలా ఉంటుంది. తర్వాత పంచింగ్ చేసిన అంకెల్లో ఒకటి లోతు, ఒకటి తేలిక, వరుస కాస్త వంకర. అంకెల వెనక ఇనుము రుద్ది నునుపు చేసిన జాడ కనిపిస్తే బేరం అక్కడితో ఆపాలి. పెన్సిలు ప్రింటు తీయనివ్వని అమ్మకందారు దగ్గర ఎంత చవకైనా ఆ బండి కొనకూడదు.

కాగితాలు

ఈ ప్రాంతంలో డిస్పోజల్ బండి విలువలో సగానికి పైగా కాగితాలదే. ఇంజన్ ఆగిపోయి, టైర్లు చీకిపోయి, కాగితాలు సరిగ్గా ఉన్న బండి కన్నా, మెరుస్తూ నడుస్తూ కాగితాలు లేని బండి తక్కువకు పోతుంది, పోవాలి కూడా.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో ఫారం 21 అన్నది అమ్మకం ధ్రువపత్రం. కొత్త బండికి దాన్ని డీలరు ఇస్తాడు. సైనిక వేలంలో కొన్న బండికి రక్షణ శాఖ అధికారి ఇస్తాడు. పౌర రిజిస్ట్రేషన్‌కు 47వ నియమం అడిగే పత్రాల్లో మాజీ సైనిక వాహనానికి ఈ ఫారం అసలు ప్రతి ఉండాలి. అది పోయినవాడికి తర్వాతి దారులన్నీ కష్టమే. తొలి కొనుగోలుదారు చనిపోయి, వారసులకు బండి మిగిలి, పత్రం మిగలకపోతే ఆ బండి విలువ విడిభాగాల విలువకు దిగిపోతుంది.

వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌వోసీ, అంటే ఫారం 28, కావాలి. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద నిషేధం వచ్చాక అక్కడి పాత బండ్లు ఎన్‌వోసీతో ఇతర రాష్ట్రాలకు తరలుతున్నాయి. వాటిలో బుల్లెట్లూ ఉన్నాయి. తీసుకొచ్చిన బండికి మన రాష్ట్రంలో జీవితకాల పన్ను లెక్క తేలేదాకా తుది ఖరీదు తేలదు. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు. కృష్ణా జిల్లాలో 1989 తర్వాతి బండ్లకు ఏపీ 16 సిరీస్ వచ్చింది, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. అంతకు ముందటి మూడక్షరాల పాత సిరీస్ నంబరు, చెల్లుబాటుతో సహా నిలిచి ఉన్న బండికి కొంత అదనం దొరుకుతుంది.

మోటారు సైకిలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు 2025లో దాన్ని 2,000 చేశారు. ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉండదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది, అవి తుక్కుకే వెళ్లాలి. రక్షణ అవసరాల ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నా, పోలీసు శాఖలాంటి వాటి నుంచి మున్ముందు నడిచే స్థితిలో పాత బండ్లు వేలానికి రావడం తగ్గుతుంది. ఇప్పటికే పౌరుల చేతిలో ఉన్న, కాగితాలు సరిగా ఉన్న బండ్లకు ఇది ధర పెంచే కారణమే.

వింటేజ్ నమోదు

2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ పాత వాహనాలకు విడి నమోదు పద్ధతి తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు దీని కిందికి వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000. ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప రోజువారీ వాడకానికి ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

రెండు అంశాలు ఈ పద్ధతిని డిస్పోజల్ బండి యజమానికి చిక్కుగా మారుస్తున్నాయి. వాహనం అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదన్నది మొదటిది. అనేకసార్లు ఇంజన్ మారిన సైనిక బండికి ఇక్కడ వివరణ అవసరమవుతుంది. యాభై ఏళ్ల లెక్క తొలి రిజిస్ట్రేషన్ నుంచి మొదలవడం రెండోది. 1968లో సైన్యంలో చేరి 1986లో పౌర నంబరు పొందిన బండి యజమాని దగ్గర సైనిక పత్రాలు లేకపోతే అతని చేతిలో మిగిలే తేదీ 1986 ఒక్కటే. పాత కాగితం ముక్కకు విలువ ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

డెల్టాలో బుల్లెట్ కొనేవాళ్లలో ఎక్కువ మంది నడపడానికే కొంటారు. గుడివాడ నుంచి చెరువు దాకా, అవనిగడ్డ నుంచి బందరు దాకా వెళ్లి రావాలి. వాళ్లకు వింటేజ్ నమోదు లాభం కన్నా అడ్డంకే ఎక్కువ. అందుకే మామూలు రిజిస్ట్రేషన్ బతికున్న బండికే ఇక్కడ మక్కువ.

రంగు

కేంద్ర నియమావళిలోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలు తప్ప మరే మోటారు వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. సైన్యంలో ఉన్నప్పటి అసలు రంగు అదే. బ్రిటన్‌లో ఎం20ని పునరుద్ధరించేవారు యుద్ధం నాటి ఛాయ కచ్చితంగా కుదరడానికి నెలల తరబడి శ్రమపడతారు, కుదిరితే ధర పెరుగుతుంది. మన దగ్గర అంతే శ్రమతో అదే రంగు వేస్తే బండి రోడ్డెక్కడానికి పనికిరాదు. వేలంలో కొన్న వెంటనే రంగు మార్చి, ఆ రంగునే సీబుక్‌లో రాయించుకోవడం ఆనవాయితీ అయింది.

కంపెనీలకూ ఈ నియమం తప్పలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో ఫ్లయింగ్ ఫ్లీ జ్ఞాపకంగా ‘క్లాసిక్ 500 పెగాసస్’ అనే బండిని ప్రపంచం మొత్తానికి 1,000 మాత్రమే తయారు చేసింది. విదేశాలకు ఆకుపచ్చ, గోధుమ రంగులు రెండూ వెళ్లాయి. భారత్‌కు కేటాయించిన 250 బండ్లూ గోధుమ రంగువే. ఆన్‌లైన్‌లో పెట్టిన 178 సెకన్లలో అన్నీ అమ్ముడయ్యాయి. సైనిక జ్ఞాపకానికి ఈ దేశంలో డబ్బు పెట్టేవారున్నారనడానికి అది గట్టి రుజువు. పెగాసస్ హామీ, సర్వీసు, కొత్త రిజిస్ట్రేషన్ ఉన్న కొత్త బండి అని కూడా గుర్తుంచుకోవాలి.

తుప్పు: తీరప్రాంతపు తరుగు

మిగతా చోట్ల పాత బండి పరీక్ష ఇంజన్‌తో మొదలవుతుంది. బందరులో, నాగాయలంకలో ఇనుముతో మొదలుపెట్టాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, ఏడాదిలో ఎక్కువ కాలం ఉండే తేమ, చెరువుగట్ల ఉప్పునీటి చిందులు కలిసి లోహాన్ని తింటాయి.

ముందు పోయేవి రిమ్ములు. క్రోమ్ పూత కింద చిన్న చిన్న చుక్కలుగా తుప్పు లేచి, పూతను పొక్కులా పైకి లేపుతుంది. వేలితో తడిమితే గరుకు తగులుతుంది. స్పోకుల నిప్పిళ్లు బిగుసుకుపోయి, తిప్పితే స్పోకు తెగుతుంది. మడ్‌గార్డు లోపలి అంచు, బ్యాటరీ పెట్టె అడుగు, సైలెన్సర్ మొదలు ఆ తర్వాత. పెట్రోలు ట్యాంకులో తగ్గిన పెట్రోలు స్థానంలో తేమ చేరి లోపలి గోడ ఎర్రబడుతుంది, ఆ పొడి కార్బరేటర్‌లో చేరి బండి ఆగి ఆగి నడుస్తుంది. అల్యూమినియం కేసింగ్‌ల మీద తెల్లటి పొడి కడుతుంది. ఇవన్నీ కనిపించే తరుగు, లెక్క కట్టవచ్చు.

కనిపించనిది ఫ్రేము గొట్టాల లోపలి తుప్పు. నీట మునిగిన బండికి ఇది తప్పదు. 1977 నవంబరు 19 నాటి తుపాను, ఉప్పెన దివిసీమను ముంచెత్తి అధికారిక లెక్కల్లోనే పదివేల ప్రాణాలు తీసుకుంది. ఊళ్లే కొట్టుకుపోయిన చోట యంత్రాల మాట చెప్పనక్కర్లేదు. తర్వాతి తుపాన్లలో, కృష్ణా వరదల్లో మునిగిన బండ్లకూ ఈ సమస్య ఉంది. ఉప్పు బురద క్రాంక్‌కేసులోకి, హబ్బుల్లోకి, ఫ్రేము గొట్టాల్లోకి చేరితే పైన ఎంత కడిగినా లోపల పని సాగుతూనే ఉంటుంది. స్టాండు బిగించే చోట, ఇంజన్ మౌంటు బోల్టుల దగ్గర చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. ఫ్రేము మార్చితే చాసిస్ నంబరు మారుతుంది, అంటే కాగితాలు చెల్లవు (చూ. కాగితాలు). అందుకే తీరంలో ఫ్రేము చెడ్డ బండికి దాదాపు విలువ లేదు.

ఇదే కారణంగా లోతట్టు నుంచి వచ్చిన బండికి ఇక్కడ విలువ ఎక్కువ కట్టడం న్యాయమే. తెలంగాణ పీఠభూమిలోనో రాయలసీమలోనో పొడిగాలిలో బతికిన బుల్లెట్, బయట రంగు వెలిసినా లోపల ఇనుము గట్టిగా ఉంటుంది.

పునరుద్ధరణ ఖర్చు, అమ్మకపు ధర

బుల్లెట్ దశాబ్దాల పాటు దాదాపు ఒకే రూపంలో తయారవడం వల్ల పిస్టన్, టాపెట్లు, గేరు పళ్లాలు, చైన్ సాకెట్లు, లివర్లు ఇప్పటికీ దొరుకుతాయి. పనితెలిసిన మేస్త్రీలూ ఉన్నారు. దీనివల్ల పునరుద్ధరణ సులువైంది. సులువైనది గనుకే పునరుద్ధరించిన బుల్లెట్‌కు అరుదైనదన్న అదనం తక్కువ. ఎం20కి ఇది తిరగబడుతుంది. ఒక్కో భాగం బ్రిటన్ నుంచి సుంకం కట్టి తెప్పించుకోవాలి, పూర్తయ్యాక పోటీ లేదు.

ఒక నమూనా లెక్క చూద్దాం. ఇది పద్ధతి చూపడానికి వేసుకున్న లెక్క మాత్రమే. కాగితాలున్న డిస్పోజల్ బుల్లెట్ 70,000 రూపాయలకు కొన్నారనుకుందాం. రీబోరింగ్, పిస్టన్, బిగ్‌ఎండ్, గేర్‌బాక్సు పనికి 35,000. టింకరింగ్, పెయింటింగ్‌కు 20,000. రిమ్ములు, స్పోకులు, నికిలింగ్‌కు 15,000. వైరింగు, టైర్లు, సీటు, చిల్లర సామానుకు 20,000. మొత్తం 1,60,000. ఇక పక్కన పెట్టి చూడవలసిన అంకె కొత్త బండి ధర. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త బుల్లెట్ 350 షోరూం ధర సుమారు 1.73 లక్షల దగ్గర మొదలైంది. 2025 సెప్టెంబరులో 350 సీసీ లోపు మోటారు సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి చవకైనప్పుడల్లా, నడపడానికి పాతబండి కొనేవాడు కొత్తదానివైపు మొగ్గుతాడు. కాబట్టి మూడో రకం డిస్పోజల్ బుల్లెట్ తెగే ధరకు కొత్త బుల్లెట్ ధరే పైకప్పులా నిలుస్తుంది. పెట్టిన ఖర్చంతా తిరిగి రావాలనుకుని మొదలుపెట్టేవారు ఈ సంగతి ముందే గ్రహించాలి.

ఆ పైకప్పు దాటేవి తొలి తరం బండ్లు. 1949 తర్వాతి రెడిచ్ బుల్లెట్, తిరువొత్తియూర్ తొలి బుల్లెట్, బాణం నంబరు ఆనవాలుతో, సైనిక పత్రాలతో దొరికితే కొనేది సేకరణకర్త. అతను కొత్త బండి ధరతో పోల్చడు. అలాంటి బేరాలు ఈ మూడు ప్రాంతాల పరిధిలో తెగడం అరుదు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు సేకరణకర్తలకే వెళ్తాయి.

ప్రపంచ సంతల్లో బాగా పునరుద్ధరించిన బీఎస్ఏ ఎం20 బ్రిటన్‌లో కొన్ని వేల పౌండ్లకు, హార్లీ డబ్ల్యూఎల్ఏ అమెరికాలో సాధారణంగా పదిహేను నుంచి పాతిక వేల డాలర్ల మధ్య పలుకుతాయి. పక్కబండితో ఉన్న అసలైన బీఎండబ్ల్యూ ఆర్75 వీటన్నిటికన్నా చాలా పైన ఉంటుంది. తయారైనవి సుమారు పదహారు పదిహేడు వేలే కావడం, యంత్ర నిర్మాణం విశిష్టమైనది కావడం దీనికి కారణం. ఈ అంకెలను రూపాయల్లోకి మార్చి ఇక్కడి బుల్లెట్‌కు అన్వయించడం పొరపాటు. అక్కడ సైనిక రంగుకు ఆంక్ష లేదు, ప్రతి బండి సైనిక చరిత్రను తిరగేసి చూసే క్లబ్బులున్నాయి, వేలం ధరలు బహిరంగంగా నమోదవుతాయి.

వాడకంలో వచ్చే తరుగు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతటా వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును, కార్కును చెడగొడుతుంది. అసలే తేమ ఎక్కువున్న తీరంలో ట్యాంకు నింపి నెలల తరబడి నిలిపితే అడుగున నీరు చేరుతుంది. పైపులు, కార్బరేటర్ రబ్బర్లు కొత్తరకం పదార్థంతో మార్చిన బండికి కొనుగోలుదారు ధైర్యంగా ధర ఇవ్వవచ్చు. అది అసలు భాగం కాదని తగ్గించడం తగదు.

అమ్మకపు దారులు

సైన్యం తీసేసిన వాహనాల వేలం ప్రభుత్వరంగ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ వేదిక ద్వారా జరుగుతుంది. లాట్ల పద్ధతిలో అమ్మితే కొనేది వ్యాపారులే. ఒక్క బండి కావలసినవాడు వ్యాపారి దగ్గర రెండో చేతిగా కొనుక్కోవాలి. డెల్టాకు బండి చేరేసరికి మూడు నాలుగు చేతులు మారి, ప్రతి చేతిలో కొంత ధర చేరి, కాగితం ఒకటో అరో జారిపోవడం మామూలు. బయానా ఇచ్చేముందు సీబుక్ వివరాలను రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డులో సరిచూడాలి. రికార్డు కంప్యూటర్ కాలానికి ముందుది అయితే, తొలి రిజిస్ట్రేషన్ చేసిన కార్యాలయంలో పాత పుస్తకం చూడమని అడగాలి.

బీమా

బీమా పత్రంలో రాసే ప్రకటిత విలువకు, మార్కెట్ విలువకు సంబంధం ఉండాలి గానీ పాత బండ్ల విషయంలో తరచూ ఉండదు. అయిదేళ్లు దాటిన, తయారీ ఆగిన రకాల వాహనాలకు ఆ విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. ఏమీ అడగకుండా మూడో వ్యక్తి బీమా ఒక్కటే కట్టే యజమానికి బండి దొంగలపాలైనా, ఉప్పునీట మునిగినా పైసా రాదు. పునరుద్ధరణ బిల్లులు, ప్రతి దశలో తీసిన ఫొటోలు, పెన్సిలు ప్రింటు, అర్హత ఉన్న సర్వేయరు ఇచ్చిన మదింపు పత్రం జతచేసి బీమా విలువను రాయించుకోవాలి. ఆ కాగితాల కట్టే రేపు బండి అమ్మేటప్పుడు ధరకు ఆధారంగా కూడా పనికొస్తుంది.